వేదపాఠ ధ్వనిలేఖనం – యంత్రలేఖకుని దిద్దుబాట్లు: ఒక స్వానుభవం

పాఠపరిష్కరణ శాస్త్రంతో పరిచయమున్న వారికి లేఖకుల వల్ల కలిగే దోషాలు రెండు తెగలని వేరుగా చెప్పనక్కరలేదు. కన్ను జారడం, పంక్తి తప్పడం, సరూపాక్షరాల మధ్య భ్రాంతి పడడం మొదలైనవి తెలియక చేసేవి. తనకు అర్థం కాని చోట మూలమే తప్పనుకొని, దానిని బాగుచేయాలనే సద్బుద్ధితో దిద్దడం తెలిసి చేసేది. మొదటి తెగ దోషాన్ని పట్టుకోవడం సులభం. అక్కడ అన్వయం కుదరదు, లేదా ఛందస్సు చెడుతుంది. రెండవ తెగ దోషాన్ని పట్టుకోవడం దుష్కరం. దిద్దినవాడు అన్వయం కుదిరేటట్లే దిద్దుతాడు గనుక అక్కడ మూలం వేరుగా ఉండేదన్న అనుమానమే మనకు కలగదు. చూచినది చూచినట్లు వ్రాశానని తాళపత్ర గ్రంథాల చివర విన్నవించుకొనే లేఖకుడు పండితుడు కాకపోయినా పరిష్కర్తకు ఆప్తుడు. దిద్దే లేఖకుడు ఎంత పండితుడైనా ప్రమాదకారి.

ఈ రెండవ తెగ లేఖకుడు కంప్యూటరులోనూ ఉంటాడనీ, ధ్వనిని అంకెలుగా మార్చే సౌండ్ కార్డు దగ్గరే కూర్చొని ఉంటాడనీ నాకు 2008లో తెలియవచ్చింది. తెలిసే నాటికే నా అజ్ఞానం వల్ల ఒక వృద్ధ విద్వాంసుని మనసు నొచ్చుకున్నది. ఆ అనుభవాన్ని, దాని నుండి నేర్చుకున్న నాలుగు విషయాలను విజ్ఞుల ముందు ఉంచడమే ఈ వ్యాసోద్దేశం. నేను వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాడిని. యంత్రశాస్త్రంలో నాకు అధికారం లేదు. అయినా మన కళాశాలల అధ్యాపకులు చాలమంది ఈ పనికి పూనుకొంటున్నారు గనుక, నేను చేసిన తప్పు మరొకరు చేయకుండా ఉంటే చాలునని సాహసిస్తున్నాను.

మా గురువుగారు కోనసీమలో ఒక అగ్రహారంలో ఉండేవారు. తైత్తిరీయశాఖలో ఘనాంతం అధ్యయనం చేసినవారు. బాల్యంలో ఆరేళ్లు వారి వద్ద వల్లె వేసి, తరువాత నేను శాస్త్రం వైపు మళ్లాను. వేదపఠన సంప్రదాయాన్ని యునెస్కో 2003లో మానవజాతి వాచిక వారసత్వపు మహత్కృతులలో ఒకటిగా ప్రకటించినప్పుడు పత్రికలలో ఆ వార్త చదివి, ముందుగా వారినే తలచుకొన్నాను. అప్పటికే వారికి డెబ్బది ఏడేళ్లు దాటాయి. రేపు, ఎల్లుండి అనుకొంటూ మరి అయిదేళ్లు గడిపి, 2008 వేసవి సెలవులలో ఒక ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొని వారింటికి వెళ్లాను. తైత్తిరీయోపనిషత్తు మూడు వల్లులూ సస్వరంగా వారి కంఠంలో నిలుపుకోవాలని నా కోరిక.

గురువుగారు కాదనలేదు. వసారాలో చాప మీద కూర్చొని మూడు ఉదయాలలో శీక్షావల్లి, ఆనందవల్లి, భృగువల్లి పూర్తిచేశారు. నేను ల్యాప్‌టాప్‌ను వారికి మూడడుగుల దూరంలో పీట మీద పెట్టి, రికార్డు చేయవలసిన మీట నొక్కి, చేతులు కట్టుకొని కూర్చున్నాను. పైన ఫ్యాను తిరుగుతూనే ఉన్నది. తెర మీద అలలు కదులుతున్నవి గదా, ఇంక కావలసినదేమున్నదని నా ధీమా.

మూడవనాటి సాయంకాలం హెడ్‌ఫోను వారి చెవులకు తగిలించి వినిపించాను. కన్నులు మూసుకొని చాలసేపు విన్నారు. వారి ముఖంలో సంతోషం కనబడుతుందని ఎదురుచూచిన నాకు మెల్లమెల్లగా దిగులు కనబడింది. హెడ్‌ఫోను తీసి నా చేతికిచ్చి, "నాయనా, పాఠం ఇంతగా జారిపోయిందా? విసర్గలు సగం వినబడడం లేదు. పదాంతాలు మింగేస్తున్నాను. స్వరితం దగ్గర గొంతు పగిలిపోతోంది. ఎనభై రెండేళ్లు వచ్చాయి గదా, పళ్లు కూడా లేవాయె. ఇది ఎవరికీ వినిపించకు," అన్నారు. నేను ఏదో సమాధానం చెప్పబోయాను గాని, మనసులో నేనూ అదే అనుకొన్నాను. వయసు మీద పడిందనుకొన్నాను. ఎదురుగా కూర్చొని మూడు రోజులు విన్న నా చెవులను నమ్మకుండా యంత్రాన్ని నమ్మాను. నాలుగవనాడు మరొక అనువాకం చెప్పమంటే వారు తల అడ్డంగా తిప్పారు.

ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు, ఇంజనీరింగు చదువుతున్న నా మేనల్లుడు ఆ రికార్డింగు విని, "మామయ్యా, తాతగారి గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుందేమిటి?" అన్నాడు. నేను వయసు సంగతి చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. నన్నే ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి రామః, హరిః, గురుః అని మూడు మాటలు అనమన్నాడు. తరువాత కంట్రోల్ ప్యానెల్‌లో ఏవో గుర్తులు తీసివేసి, అవే మాటలు మళ్లీ అనిపించాడు. రెండింటినీ తెర మీద ఒకదాని కింద ఒకటి పరిచాడు. రెండవ దానిలో ప్రతి మాట చివరా, అచ్చు ముగిసిన తరువాత, సన్నని నూగు వంటి గీత కొంతదూరం సాగింది. అది విసర్గ. మొదటి దానిలో అచ్చు ముగిసీ ముగియకముందే గీత చదునైపోయింది. నాకు అప్పటికి డెబ్బది ఏళ్లు రాలేదు, పళ్లన్నీ ఉన్నవి.

"ఇది తాతగారి తప్పు కాదు మామయ్యా. ఫ్యాను చప్పుడు తీసెయ్యమని దీనికి ముందే చెప్పి ఉంచారు. ఫ్యాను గాలికీ విసర్గకూ దీనికి తేడా తెలియదు," అన్నాడు వాడు.

ఆ మాటతో నాకు విషయం బోధపడింది. ఊష్మాలలోనూ విసర్గలోనూ ప్రధానమైనది కంఠనాదం కాదు, ఊపిరి రాపిడి. ఫ్యాను శబ్దమూ గాలి రాపిడే. నిలకడగా వినబడే రాపిడినంతా అనవసరమైన రొదగా భావించి తొలగించే ప్రక్రియ ఒకటి ఆ ల్యాప్‌టాప్‌లో మొదటి నుండీ పనిచేస్తున్నది. దూరాన ఉన్న మనిషితో కబుర్లు చెప్పుకొనేవారికి అది ఉపకారమే. మాట అర్థమైతే వారికి చాలు. మనకు కావలసినది అర్థం మాత్రమే కాదు. అక్షరం కావాలి, అక్షరపు అంచు కూడా కావాలి.

సౌండ్ కార్డు చేసే పనిని సూక్ష్మంగా చెప్పుకోవచ్చు. గాలిలోని ఒత్తిడి మార్పులను మైక్రోఫోను విద్యుత్ తరంగంగా మారుస్తుంది. ఆ తరంగపు ఎత్తును సౌండ్ కార్డు సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి, కొలిచిన ప్రతిసారీ ఒక అంకె వేస్తుంది. ఆ అంకెల వరుసయే రికార్డింగు. ఇప్పటి కంప్యూటరులలో ఇది వేరే కార్డుగా గాక ప్రధాన ఫలకం మీదనే చిన్న చిప్పుగా ఉంటుంది. బయట నుండి యు.ఎస్.బి. తీగతో తగిలించుకొనే పెట్టెగానూ దొరుకుతుంది. ఏ రూపంలో ఉన్నా మనం నిర్ణయించవలసినవి కొన్నే: సెకనుకు ఎన్నిసార్లు కొలవాలి, ఎంత సూక్ష్మంగా కొలవాలి, వచ్చే ధ్వనిని ఎంత పెంచాలి, మధ్యలో దిద్దుబాటు చేయాలా వద్దా. వీటినే సెట్టింగులంటారు. మనం నిర్ణయించకపోతే తయారుచేసినవారు సామాన్య జనుల సౌకర్యాన్ని బట్టి నిర్ణయించి ఉంచుతారు.

ఈ సెట్టింగులను గుర్తుపెట్టుకోవడానికి నాకు దారి చూపినది మేము రికార్డు చేసిన ఉపనిషత్తే. శీక్షావల్లి ఆరంభంలోనే శిక్షాశాస్త్రానికి విషయమైనవి ఆరని పరిగణన ఉన్నది: వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం. పాఠం చెప్పేవాడు కాపాడవలసినవి ఈ ఆరే అయితే, పాఠాన్ని పట్టి ఉంచే యంత్రం పాడుచేయగలిగినవీ ఈ ఆరే గదా అని తోచింది. ఋషులకు సౌండ్ కార్డు తెలుసునని నా వాదం కాదు. ధ్వనిని సమగ్రంగా విభజించినవారి విభాగం ఏ కాలపు పనికైనా ఉపకరిస్తుందని మాత్రమే నా మనవి.

మొదటిది వర్ణం. సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తామో అందులో సగం కంటె ఎక్కువ పౌనఃపున్యం గల ధ్వని రికార్డింగులో నిలవదని ధ్వనిశాస్త్ర నియమం. టెలిఫోనులో సెకనుకు 8,000 సార్లు కొలిచే పద్ధతి చాలకాలం సాగింది. దానిలో 4,000 హెర్ట్‌జ్ పైనున్నది రాదు. ఆచరణలో 3,400 దగ్గరే ఆగిపోతుంది. దంత్య సకారపు రాపిడిలో ప్రధానభాగం అంతకు పైనే ఉంటుంది. అందుచేతనే ఫోనులో కొత్త పేరు చెప్పేటప్పుడు ఇంగ్లీషు ఎస్సా ఎఫ్ఫా అని అవతలివారు మళ్లీ అడిగేవారు. శ ష స ల భేదమే విషయమైన మనకు ఇది చాలదు. 1980లలో వచ్చిన కాంపాక్ట్ డిస్కు ప్రమాణం 44,100. ధ్వని, దృశ్య భాండాగారాల అంతర్జాతీయ సంఘం తన మార్గదర్శకాలలో కనీసం 48,000 సార్లు, 24 బిట్ల సూక్ష్మత ఉండాలంటున్నది. విండోస్ కంప్యూటరులో కంట్రోల్ ప్యానెల్, సౌండ్, రికార్డింగ్ అన్న వరుసలో వెళ్లి, మైక్రోఫోను ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ అనే పుట తెరిస్తే ఈ అంకెలను ఎంచుకోవచ్చు. దాని పక్కనే చాల యంత్రాలలో ఎన్‌హాన్స్‌మెంట్స్ అనే పుట ఉంటుంది. కొత్త విండోసులో సెట్టింగులలో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని కనిపిస్తుంది. మా విసర్గలను మింగినది అక్కడే ఉన్నది. రొద తగ్గించడం, ప్రతిధ్వని తీసివేయడం మొదలైన వాటినన్నిటినీ అక్కడ ఆపివేయాలి. ఫ్యాను చప్పుడు అక్కరలేకపోతే ఫ్యాను ఆపుకోవాలి గాని, ఆ పని కంప్యూటరుకు అప్పగించరాదు.

రెండవది స్వరం. తైత్తిరీయుల పఠనంలో అనుదాత్తం కిందుగా, ఉదాత్తం మధ్యమంగా, స్వరితం పైగా వినబడతాయి. ఈ ఎత్తుపల్లాలకు ఆధారం కంఠనాదపు మూల పౌనఃపున్యం. పురుషకంఠంలో ఇది సామాన్యంగా 100, 150 హెర్ట్‌జ్ ప్రాంతంలో ఉంటుంది. మన ఇళ్లలోని విద్యుత్తు 50 హెర్ట్‌జ్‌ది. తీగల ద్వారా సౌండ్ కార్డులోకి ప్రవేశించే గుంయిమనే రొద 50 దగ్గరే గాక 100, 150 దగ్గరా ఉంటుంది. అంటే గురువుగారి గొంతు ఉండే చోటనే వచ్చి కూర్చుంటుంది. తరువాత స్వరాలను కొలువబోయే పరిశోధకునికి ఇది పెద్ద ఆటంకం. దీనికి ఖర్చులేని ఉపాయం ఒకటున్నది. రికార్డు చేసేంతసేపూ ఛార్జరు తీసివేసి ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపితే చాలసార్లు ఆ రొద మాయమవుతుంది. మరొక జాగ్రత్త: యంత్రంలో ఎంచుకొన్న కొలతల సంఖ్యా, రికార్డు చేసే ప్రోగ్రాములో ఎంచుకొన్న సంఖ్యా ఒకటే కావాలి. 44,100తో పట్టిన దానిని 48,000గా పొరబడి వినిపిస్తే వేగం వందకు తొమ్మిది వంతుల దాకా పెరిగి, శ్రుతి ఒకటిన్నర స్వరస్థానాలు పైకి పోతుంది. వృద్ధుని గొంతు యువకుని గొంతవుతుంది.

మూడవది మాత్ర. శబ్దం వచ్చినప్పుడే రికార్డు చేసి, నిశ్శబ్దం రాగానే ఆగిపోయే సదుపాయం కొన్ని ప్రోగ్రాములలో ఉంటుంది. స్థలం కలిసివస్తుందని నేను మొదట మురిసిపోయాను. నిశ్శబ్దం పాఠంలో భాగం కాదని యంత్రం అనుకొంటుంది. అవసానంలో గురువు ఎంతసేపు నిలిచాడో, ఊపిరి ఎక్కడ తీసుకొన్నాడో శిష్యునికి అదీ పాఠమే. పైగా ఈ సదుపాయం మేల్కొనేలోపల తొలి అక్షరపు అంచు తెగిపోతుంది. కనుక దీనిని వాడరాదు. మొదలుపెట్టడానికి ముందు అరనిమిషం, ముగిసిన తరువాత అరనిమిషం ఖాళీగా నడవనివ్వాలి. ఆ గది నిశ్శబ్దం ఎటువంటిదో తెలియడానికి అది సాక్ష్యం.

నాలుగవది బలం. ప్రయత్నవిశేషమని దీనికి భాష్యకారులు చెప్పిన అర్థం. అల్పప్రాణ మహాప్రాణ భేదం, ఒత్తి పలకడం, తేల్చి పలకడం దీనిలో చేరతాయి. దీనికి మొదటి శత్రువు ధ్వనిస్థాయిని తనంతట తాను సర్దే సదుపాయం. అది మెల్లగా అన్నదానిని పెంచుతుంది, గట్టిగా అన్నదానిని అణచుతుంది. గురువుగారు ఆగినప్పుడు మాటలేక ఖాళీగా ఉన్న చోట ఫ్యాను చప్పుడు గోదావరి పొంగినట్లు పొంగి, వారు నోరు తెరవగానే తగ్గిపోవడం మా మొదటి రికార్డింగులో స్పష్టంగా ఉన్నది. రెండవ శత్రువు లెవెల్స్ అనే పుటలో ఉండే మైక్రోఫోన్ బూస్ట్. 20 డెసిబెల్ల బూస్ట్ అంటే తరంగం ఎత్తును పదింతలు చేయడం. మా ల్యాప్‌టాప్‌లో అది 30 మీద ఉన్నది. తరంగం సౌండ్ కార్డు కొలువగల హద్దు దాటితే ఆ శిఖరాన్ని యంత్రం కత్తితో కోసినట్లు కోసివేస్తుంది. స్వరితం దగ్గర గొంతు పగిలినట్లు వినబడినది అందుకే. కోసిన శిఖరాన్ని తరువాత ఏ ఉపాయంతోనూ యథాతథంగా తిరిగి తేలేము.

మీటరులో అత్యున్నత స్థానం సున్న. దాని కిందివన్నీ ఋణసంఖ్యలు. పాఠంలో మిక్కిలి గట్టిగా పలికిన చోటు కూడా ఋణ పన్నెండు దగ్గర ఉండేటట్లు ముందే సరిచూచుకోవాలి. ధ్వని చిన్నదిగా ఉన్నదని భయపడనక్కరలేదు. 16 బిట్ల కొలతలో 65,536 మెట్లున్నవి. అది సుమారు 96 డెసిబెల్ల అవధి. 24 బిట్లలో సిద్ధాంతరీత్యా 144. కనుక పైన కొంత ఖాళీ వదిలినా సూక్ష్మత చెడదు. బూస్ట్ పెంచడానికి బదులు మైక్రోఫోనును దగ్గరకు జరపాలి. దూరం సగమైతే ధ్వని సుమారు ఆరు డెసిబెల్లు పెరుగుతుంది, గది రొద మాత్రం పెరగదు. నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాక కొంచెం పక్కకు ఉంచితే ఫకార భకారాల ఊపిరి నేరుగా దానిని తాకదు.

అయిదవది సామం, అనగా సమత. అనువాకం మధ్యలో స్థాయి మార్చరాదు. మైక్రోఫోను కదపరాదు. ఒక్క గొంతు పట్టడానికి ఒక్క మార్గం చాలు. రెండు మార్గాలలో అదే ధ్వనిని రెండుసార్లు నింపడం వల్ల స్థలం తప్ప వేరే ఫలం లేదు. ఏ రంధ్రంలో ఏ తీగ పెట్టాలన్నది కూడా ఇక్కడే చెప్పాలి. బల్ల మీది కంప్యూటరులో గులాబిరంగు రంధ్రం మైక్రోఫోనుకు, లేత నీలం రంగుది టేపురికార్డరు వంటి యంత్రాల నుండి వచ్చే ధ్వనికి, ఆకుపచ్చది వినడానికి. మన ఇళ్లలో పాతబడుతున్న క్యాసెట్టులను కంప్యూటరులోకి ఎక్కించేవారు నీలం రంధ్రమే వాడాలి. మైక్రోఫోను నుండి వచ్చేది వోల్టులో కొన్ని వేయవ వంతులు; టేపురికార్డరు నుండి వచ్చేది దానికి వందలరెట్లు. దానిని గులాబిరంగు రంధ్రంలోకి పంపితే అంతా శిఖరచ్ఛేదమే.

ఆరవది సంతానం, అనగా ఎడతెగకపోవడం. సంహిత అంతా దీని మీదనే నిలిచి ఉన్నది. కంప్యూటరు వేరొక పనిలో మునిగి, ధ్వనిని అందుకోవడంలో క్షణం ఆలస్యం చేస్తే ఆ క్షణం రికార్డింగులో ఉండదు. చిటుక్కుమనే చప్పుడు వినబడితే అదృష్టమే. ఒక్కొక్కసారి అతుకు తెలియకుండానే అక్షరం సగం పోతుంది. వినేవాడు దానిని సంధి అనుకోవచ్చు. కాబట్టి తక్కిన ప్రోగ్రాములన్నీ మూసి, ఇంటర్నెట్ ఆపి, కంప్యూటరు నిద్రలోకి పోకుండా చూచుకోవాలి. భద్రపరచేది వేవ్ రూపంలోనే కావాలి. ఎంపీత్రీ వంటి కుదింపు రూపాలు చెవికి పట్టదని తాము తలచిన దానిని వదిలివేస్తాయి. అదీ ఒక దిద్దుబాటే. 48,000 కొలతలు, 24 బిట్లు, ఒక్క మార్గం చొప్పున గంట పాఠానికి సుమారు 52 కోట్ల బైట్లు పడుతుంది. ఈనాటి డిస్కులకు అది లెక్కలోనిది కాదు. రికార్డు చేయడానికి ఆడాసిటీ అనే ప్రోగ్రాము ఉచితంగా లభిస్తుంది. అది 2000లో మొదట విడుదలైనది. ఉచ్చారణ పరీక్షకు ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ప్రాట్ అనే ప్రోగ్రాము ఉన్నది, అదీ ఉచితమే.

ఇవన్నీ మేనల్లుని వద్ద నేర్చుకొని, ఒక మైక్రోఫోను కొనుక్కొని, 2009 సంక్రాంతి వెళ్లగానే మళ్లీ గురువుగారింటికి వెళ్లాను. వారికి నమస్కరించి, "గురువుగారూ, తమ పాఠం జారలేదు. తప్పు నాది, ఈ యంత్రానిది," అని విన్నవించాను. వారు నవ్వి, "నన్ను ఊరడించడానికి చెబుతున్నావా?" అన్నారు. వాదించకుండా, ఫ్యాను ఆపించి, ఒక్క అనువాకం చెప్పమని బ్రతిమాలాను. చెప్పారు. హెడ్‌ఫోను తగిలించాను. విసర్గ వచ్చినచోటల్లా వారి చూపుడువేలు తొడ మీద కొద్దిగా కదిలింది. అయిన తరువాత లోపలికి తిరిగి, "ఏమోయ్, ఇలా వచ్చి విను," అని అమ్మగారిని పిలిచారు. పండిత సభలలో వారు అందుకొన్న సత్కారాలు చూచాను గాని, ఆనాటి ముఖం వేరు.

ఆ నాలుగు రోజులలో శీక్షావల్లి పన్నెండు అనువాకాలూ, ఆనందవల్లి తొమ్మిదీ పూర్తి అయినవి. భృగువల్లి పది అనువాకాలూ వేసవిలో చెబుతానన్నారు. వేసవి నాటికి వారికి మాట పడిపోయింది. ఆ సంవత్సరం కార్తికంలో పరమపదించారు.

కనుక నా వద్ద ఇప్పుడున్న సామగ్రి ఇది: శీక్షావల్లి, ఆనందవల్లి రెండేసి ప్రతులు, ఒకటి దుష్టం, ఒకటి శుద్ధం. భృగువల్లికి దుష్టప్రతి ఒక్కటే. మంచి ప్రతులు దొరికాయి గదా, పాతవి తుడిచివేయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నేను తుడవలేదు. ఒకే కంఠం, ఒకే పాఠం, రెండు సెట్టింగులలో ఎలా మారిందో పోల్చి చూచుకొనే అవకాశం ఆ రెండు వల్లులలో ఉన్నది. ఆ పోలిక తెలిసినవాడే భృగువల్లి దుష్టప్రతిని సరిగా చదువగలడు. ఇది మనకు తెలిసిన పద్ధతియే. లేఖకుని అలవాటు తెలిస్తే అతడు చెడగొట్టిన పుస్తకం కూడా సాక్ష్యమిస్తుంది.

తెలియకపోతే ఏమవుతుంది? ముప్పై ఏళ్ల తరువాత ఎవరో పరిశోధకుడు ఆ భృగువల్లి విని, కోనసీమ సంప్రదాయంలో పదాంత విసర్గ లోపిస్తుందని వ్యాసం వ్రాయవచ్చు. ఉదాహరణలు చూపవచ్చు, లెక్కలు కట్టవచ్చు. దోషం యంత్రానిది, అపవాదు గురుపరంపరకు. గౌహర్‌జాన్ 1902లో కలకత్తాలో పాడిన గ్రామఫోను పాటలు వింటూ ఆమెకు ఊష్మాలు పలకవని మనమెవ్వరమూ అనుకోము. గొట్టంలోకి పాడి పట్టిన ఆ కాలపు యంత్రానికి అవి అందవని మనకు తెలుసు గనుక. 1925 తరువాత మైక్రోఫోనుతో రికార్డు చేసే పద్ధతి వచ్చిన సంగతీ తెలుసు గనుక. యంత్రం పరిమితి తెలిసినప్పుడు మనిషికి న్యాయం జరుగుతుంది. అందువలన ప్రతి రికార్డింగుతోపాటు ఒక పత్రం ఉండాలని నా ప్రార్థన. పాఠకుడెవరు, ఏ శాఖ, ఏ ఊరు, ఏ తేదీ అన్నవి మనం వ్రాస్తూనే ఉన్నాము. వాటి కింద మరొక నాలుగు పంక్తులు చేర్చాలి: ఏ మైక్రోఫోను, ఎంత దూరం, సెకనుకు ఎన్ని కొలతలు, ఎన్ని బిట్లు, బూస్ట్ ఎంత, దిద్దుబాటు సదుపాయాలు ఆపినవా లేవా. తాళపత్ర ప్రతికి పత్రాల సంఖ్య, పంక్తుల సంఖ్య, శిథిలత వ్రాసే మనకు ఇది భారం కాదు.

2020 నుండి చాలచోట్ల వేదపాఠమూ సంగీతపాఠమూ వీడియో సమావేశాల ద్వారా జరుగుతున్నవి. అక్కడా ఇదే లేఖకుడు కూర్చొని ఉన్నాడు. తంబురా నాదాన్ని రొద అనుకొని తీసివేస్తాడు. జూమ్ వంటి వాటిలో ఒరిజినల్ సౌండ్ అనే ఎంపిక ఉన్నది. గురువులూ శిష్యులూ దానిని వాడుకోవడం మంచిది. లేకపోతే గురువు పలికిన విసర్గ శిష్యుని చెవికి చేరదు, శిష్యుడు పలకని విసర్గ గురువుకు తెలియదు. రికార్డింగులో తప్పు ఒక్క ప్రతికే పరిమితం. ఇక్కడ అది పరంపరలో చేరుతుంది.

మేనల్లుడు ఇటీవల వచ్చినప్పుడు, పోయిన ధ్వనులను ఊహించి పూరించే కొత్త ప్రోగ్రాములు వచ్చాయనీ, భృగువల్లిని వాటితో బాగుచేసి ఇస్తాననీ అన్నాడు. వాడిది సద్బుద్ధియే. నేను వద్దన్నాను. ఆ ప్రతిలో లేనిదానిని ఉన్నట్లు చేసే హక్కు నాకు లేదు. ఉన్నది ఉన్నట్లే ఉంచి, పక్కన పత్రం పెట్టాను. కార్తికంలో వారి తిథినాడు దానిని వింటాను. విసర్గ ఉండవలసిన చోట యంత్రం ఊరకుంటుంది. అక్కడ మాత్రం నేను నోటితో పలుకుతాను.